తెల్ల ఊలు పువ్వు

పదకొండో వారం

పోయిన వారం నేను చెప్పడం ఆపినప్పుడు నా ఏప్రన్ జేబు ఖాళీగా ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మధ్యలో చేరినవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు.

మా నాన్న లాయ్ సియు-కెంగ్, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో స్టాక్టన్ వీధి పక్క సందులో ముప్పై మూడేళ్లు లోక్ చున్ బేకరీ నడిపాడు. మా వాళ్లలో తండ్రి పోతే కూతురు నలభై తొమ్మిది రోజులు తలలో తెల్ల ఊలు పువ్వు పెట్టుకుంటుంది. భర్త పోతే భార్యా అంతే. నలభై తొమ్మిదో రోజున గుడిలో ఆ పువ్వుల్ని కాల్చేస్తారు, అక్కడితో మైల తీరుతుంది. అంతవరకూ పెళ్లివారి గడప తొక్కకూడదు, పెళ్లి కేకులు ముట్టకూడదు. కానీ టామ్ మామ్మ మనవరాలి పెళ్లికి నలభై పెట్టెల కేకులు చేసిస్తానని నాన్న పోవడానికి మూడు వారాల ముందే మాట ఇచ్చాడు. గోడ క్యాలెండర్ మీద ఆయన చేతిరాతలో ఉంది. వద్దని కబురు చెయ్యమంది అమ్మ. నేను చెయ్యలేదు. ఎవరు చేస్తున్నారని టామ్ మామ్మ ఫోన్ చేసి అడిగితే, బన్నులు చేసే కిట్ బాబాయ్ అని అబద్ధం చెప్పాను. బాబాయ్ అన్నది పిలుపే, రక్తసంబంధం లేదు, ఆయనకి మైల లేదు. గురువారం పువ్వు తీసి జేబులో వేసుకుని నలభై పెట్టెలూ నేనే చేశాను. పెట్టెలు వెళ్లిపోయాక జేబులో చెయ్యి పెడితే పువ్వు లేదు.

ఇప్పుడు శనివారం పొద్దున్న. నాన్న పోయి ముప్పై ఎనిమిది రోజులు.

రెండు రోజులుగా వెతుకుతున్నాను. పిండి డబ్బాల కింద, ఓవెన్ వెనక, సింకు జాలీలో వెతికాను. శుక్రవారం లాండ్రీకి వెళ్లి, మా ఏప్రన్లు ఉతికిన మిషన్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమాను. ఎవరిదో పసిపిల్ల సాక్సు దొరికింది. పువ్వు కోటు బొత్తమంత ఉంటుంది. నా జుట్టు కురచ, హెయిర్‌పిన్ను నిలవదు. అందుకని నాదానికి అమ్మ పిన్నీసు పెట్టి ఇచ్చింది. తనదానికి మామూలు నల్ల హెయిర్‌పిన్ను.

భయం వెయ్యాలని నాకు తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బన్నులు అమ్మే చైనా కొట్లు వీధికి నాలుగున్నాయి. పెళ్లి కేకుల పొరలు చేత్తో మడతపెట్టి చేసేది ఈ చుట్టుపక్కల మేమొక్కరమే మిగిలాం. పెళ్లి కేకులు పోతే మాదీ వాటిలో ఇంకో బన్నుల కొట్టు. బన్నుల మీద మేం ఏడాది కూడా నిలవం. మైల పువ్వు పెళ్లి పెట్టెలో దొరికిందని ఒక్కరంటే చాలు, ఇక ఏ పెళ్లికూతురి తల్లీ మా గడప తొక్కదు. ఇదంతా నాకు లెక్కలా తెలుసు. కానీ భయం రావడం లేదు. గురువారం మధ్యాహ్నం ట్రే అంచు మణికట్టుకి తగిలితే, ఎర్రటి గీత కళ్లతో చూశాకే కాలిందని తెలిసింది. అప్పుడు కూడా చల్లనీళ్లు పొయ్యాలన్నది గుర్తొచ్చింది తప్ప మంట తెలియలేదు.

శవయాత్ర రోజునా ఇంతే. ముందు బ్యాండువాళ్లు, వాళ్ల వెనక టాపు లేని కారులో పూల మధ్య నాన్న ఫోటో. మా ఆచారం ప్రకారం శవం ఉన్న కారు ఆయన కొట్టు ముందు ఆగింది, ఆఖరిసారి చూసుకోవాలని. కారు వెనక తలుపు తీశారు, అమ్మ కొట్టు తలుపు తీసింది. మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాలి. వచ్చినవాళ్లకి పంచడానికని కిట్ బాబాయ్ ఓవెన్‌లో బన్నులు పెట్టి వచ్చాడు. మేం రెండోసారి వంగినప్పుడు లోపల ఓవెన్ గంట మోగింది. బాబాయ్ అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపింది. ఆయన లోపలికి పరిగెత్తి ట్రేలు బయటికి లాగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మూడోసారి మాతో కలిసి వంగాడు. బన్నులు మాడితే నాన్నకి నచ్చేది కాదు. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఆ గంట చప్పుడు ఒక్కటే.

చైనాటౌన్ అంతా ఆ ఊరేగింపు చూసింది. అందువల్ల నాన్న పోయాడని ఎవరికీ నా నోటితో చెప్పాల్సిన పని పడలేదు. సిటీ నీళ్ల ఆఫీసులో పైపుల మ్యాపులు గీస్తాను నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. అక్కడికి కూడా ఈమెయిల్ పెట్టాను, కుటుంబ కారణాల వల్ల ఆరు వారాల సెలవు కావాలని. ఇచ్చారు.

గురువారం సంగతి ఒకటి పోయిన వారం చెప్పలేదు. చిన్న విషయమని వదిలేశాను.

పెళ్లి కేకుకి రెండు పిండులు. ఒకటి నీళ్లతో కలిపింది, ఒకటి పంది కొవ్వుతో కలిపింది. ఒకదాన్ని ఇంకోదాంట్లో చుట్టి, ఒత్తి, మడిచి, మళ్లీ ఒత్తాలి. తొందరపడితే పొరలు అంటుకుపోతాయి. ఎర్రదానికి లోపల తామరగింజల పూర్ణం, పసుపుపచ్చదానికి పెసర పూర్ణం, తెల్లదానికి గింజపప్పులు. చివర ఎర్ర రంగు ముంచిన చెక్క ముద్ర పైన కొట్టాలి. ఒక్కసారే. సరిగ్గా పడకపోతే ఆ కేకు మనం తినెయ్యాలి గానీ రెండో ముద్ర కొట్టకూడదు, రెండో పెళ్లి చేసినట్టు అనేవాడు నాన్న. ఆయన కొడితే ప్రతి ముద్రా సూటిగా నిలబడేది. నాది కొద్దిగా ఎడమకి ఒరుగుతుంది.

తెల్లారకముందు మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండింటికి ముప్పై రెండు పెట్టెలు కట్టాను. మిగిలిన కేకులు ట్రేలలో ఆరుతున్నాయి, వాటికింకా ముద్ర వెయ్యలేదు. పిండి బస్తా మీద ఒక్క నిమిషం కూర్చున్నాను. లేచేసరికి నాలుగయింది. బల్ల మీద నలభై పెట్టెలూ ఎర్ర దారంతో కట్టి ఉన్నాయి. కిట్ బాబాయ్ జాలిపడి పూర్తి చేశాడనుకున్నాను. అడగలేదు. ఆయనా ఏమీ అనలేదు. టామ్ మామ్మ వాళ్ల అల్లుడు వచ్చి వ్యాన్‌లో పెట్టుకుని వెళ్లాడు.

అదీ సంగతి. ఇక శనివారం.

పదింటికి కొట్టులో రోజూ వచ్చే ముసలాళ్లు ఇద్దరే ఉన్నారు. పార్కులో పేకాట మొదలయ్యేదాకా ఒక్కో టీ పెట్టుకుని కూర్చుంటారు. అమ్మ గల్లా దగ్గర ఉంది, తల మీద ఊలు టోపీతో. రెండు రోజులుగా జలుబు అంటోంది. నేను బేకరీ టోపీ చెవుల మీదకి లాక్కుని ఉన్నాను, పువ్వు లేని తల అమ్మ చూడకుండా. గాజు అరలో గుడ్డు టార్టులు సర్దుతున్నాను. ముసలాళ్లలో బట్టతలాయన బన్ను విరిచి చూసి, ముప్పై ఏళ్లుగా తింటున్నాను, ఈ పైనాపిల్ బన్నులో పైనాపిల్ ఎక్కడుందోయ్ అని కిట్ బాబాయ్‌ని అడిగాడు.

"నీ తల మీద జుట్టు ఎక్కడుందో అక్కడే ఉంది," అన్నాడు బాబాయ్ తల ఎత్తకుండా.

రెండో ముసలాయన టీ పొలమారేలా నవ్వాడు. ఈ మాట వాళ్లు వారానికోసారి అనుకుంటారు. నాన్న ఉన్నప్పుడు మూడో నవ్వు లోపలి నుంచి వినబడేది.

తలుపు గంట మోగింది. టామ్ మామ్మ వచ్చింది.

ఎనభై ఒక్క ఏళ్ల మనిషి. పొట్టిగా, బిగుతుగా, ఒక చేతిలో కర్ర. ఆవిడ ఏ చేపల కొట్టు ముందు ఆగితే ఆ వీధి వీధంతా అక్కడే చేపలు కొంటుంది. ఆవిడ ఆగడం మానేసిన రెండు కొట్లు ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాయి. రెండో చేతిలో మా గులాబీ రంగు అట్టపెట్టె ఉంది. కట్టిన దారం మా ఎర్రదే, ముడి మాది కాదు. విప్పి మళ్లీ కట్టిన పెట్టె.

ఆవిడ గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని టీ తెమ్మంది. తెచ్చాను. చక్కెర ఎక్కువైందంది. మార్చి తెచ్చాను. అది తాగింది. అప్పుడు ముసలాళ్ల వైపు తిరిగి, మీ పేకముక్కలు మీకోసం బెంగపెట్టుకున్నాయి, పోండి అంది. ఇద్దరూ టీ కప్పులతో సహా లేచి వెళ్లిపోయారు. ఆ కప్పులు ఇంకా తిరిగి రాలేదు.

"టోపీ తియ్యి," అంది నాతో.

తీశాను. గల్లా దగ్గర అమ్మ కదలడం ఆగింది.

"ఎన్నో రోజు?"

"ముప్పై ఎనిమిది."

"పువ్వేదీ?"

నేను పెట్టె వైపు చూశాను. ఆవిడ నన్ను చూస్తోంది.

"ఈ పెట్టె ఎవరిదో తెలుసా నీకు? ఇది మొదటి పెట్టె. మొదటి పెట్టె ఎవరికి పెడతారు?"

"పెద్దలకి."

"పెద్దలకి. నిన్న పొద్దున్న మా ఆయన ఫోటో ముందు పెట్టి, అగరొత్తులు వెలిగించి, మా కా-యన్ చేత దణ్ణం పెట్టించి మూత తీశాను. ఎర్ర కేకుకీ పసుపుపచ్చ కేకుకీ మధ్యన కూర్చునుంది, పిలవని చుట్టంలా."

కా-యన్ అంటే పెళ్లికూతురు. ఆ పిల్ల చూసిందా అని అడిగాను. చూసిందట. ఊలు ముక్కే కదా మామ్మా, దులిపెయ్యి అందట. ఆ పిల్లకి ఆ పువ్వంటే ఏమిటో తెలియదు, అదొక్కటే నా అదృష్టం అంది టామ్ మామ్మ. నా అదృష్టం అందో, నీ అదృష్టం అందో నాకు సరిగ్గా గుర్తులేదు.

"చేసేది కిట్ అన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నిజం చెబితే ఆర్డరు వెనక్కి తీసుకుంటారని."

"తీసుకునేదాన్నే."

"అందుకే చెప్పలేదు మామ్మా."

ఆవిడ కర్రని బల్లకి ఆనించింది. అది జారి కింద పడింది. నేను వంగి తీసి మళ్లీ ఆనించాను. ఈసారి నిలబడింది. వెనక కిట్ బాబాయ్ పిండి కలపడం ఆపేశాడు. మిషన్ ఆగాకే అంతసేపూ అది తిరుగుతోందని తెలిసింది.

"క్షమించమని అడగవా?"

"అడుగుతాను. మీ పెద్దల ముందు పెట్టించాను, అది తప్పు. అబద్ధం చెప్పాను, అదీ తప్పు. కానీ చేసినందుకు క్షమించమని అడగలేను. నాన్న మాటిచ్చాడు. ఆయన పేరు మీద ఇంకే మాటా మిగల్లేదు, ఇదొక్కటే ఉంది."

ఇంత చెప్పాక కూడా నా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఏడిస్తే ఆవిడ మెత్తబడేదేమో. ఏడుపు తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. శవయాత్రలో ఏడవని కూతురని నా గురించి ఈ వీధిలో ఇప్పటికే ఒక మాట ఉంది.

టామ్ మామ్మ వేలితో బల్ల మీద పడ్డ టీ చుక్కని గీతలా లాగింది. తర్వాత, తలుపు గడియ పెట్టమంది అమ్మతో. అమ్మ పెట్టింది.

అప్పుడు ఆవిడ చెప్పింది ఇది. ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఆవిడ కూతురి పెళ్లి, అంటే కా-యన్ వాళ్ల అమ్మ పెళ్లి, ఇంకా పదకొండు రోజులుందనగా హాంగ్‌కాంగ్ నుంచి ఫోన్ వచ్చింది. టామ్ మామ్మ తల్లి పోయింది. ఫోన్ ఎత్తింది ఆవిడొక్కతే. పెట్టేసింది. మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. చెబితే పెళ్లి ఆగుతుంది. ఆగకపోయినా, పెళ్లి ముందు రోజు రాత్రి కూతురి తల దువ్వి దీవించే పని ఆవిడ చేతికి దక్కదు. మైలలో ఉన్న చేత్తో పెళ్లికూతురి తల దువ్వనివ్వరు. ఒక్కతే కూతురు. ఆవిడ పువ్వు పెట్టుకోలేదు. ఎర్ర రవిక వేసుకుని అందరితో నవ్వుతూ తిరిగింది.

"ఏడో రోజు వచ్చింది," అంది. "మా అమ్మకి ఏదన్నా పెట్టుకోవాలి కదా. ఎవరికీ తెలియకుండా మేడ మీద పెట్టుకుందామనుకున్నాను. ఇక్కడికే వచ్చాను. అదుగో, అక్కడ నిలబడ్డాడు మీ నాన్న. కుర్రాడు, అప్పటికి మీసం కూడా సరిగ్గా లేదు. మూడు తెల్ల కేకులు ఇమ్మన్నాను."

అమ్మ ఊపిరి పీల్చింది. నాకు ఒక క్షణం తర్వాత అర్థమైంది. శుభానికి ఏది కొన్నా జంటగా కొంటారు. వారంలోపే కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషి బేకరీకి వచ్చి మూడు అనదు. మూడు పోయినవాళ్లకి.

"నోరు జారిందని అప్పటికప్పుడే తెలిసింది నాకు. నాలుగు చెయ్యి అందామనుకున్నాను. అనేలోపే మీ నాన్న ఎర్ర దారం చుట్ట పక్కకి పెట్టేశాడు. గల్లా కింది నుంచి తెల్ల దారం తీసి కట్టాడు. పైన న్యూస్‌పేపరు చుట్టాడు, దారం కనబడకుండా. నా మొహం వైపు చూడలేదు. జాగ్రత్తగా వెళ్లండి, మెట్లు తడిగా ఉన్నాయి అన్నాడు. అంతే."

"ఎవరికీ చెప్పలేదా?" అని అమ్మ అడిగింది.

"నీకు చెప్పాడా?"

"లేదు."

"మరి ఇంకెవరికి చెబుతాడు."

ఆ పెళ్లి బాగానే జరిగిందా అని అడిగాను. అడక్కూడదేమో, కానీ తెలుసుకోవాలనిపించింది. చాలా రోజుల తర్వాత నాకు ఏదన్నా అనిపించడం అదే మొదటిసారి.

"జరిగింది. వాళ్లిద్దరూ బాగున్నారా అంటే అందరిలాగే ఉన్నారు. పొద్దున్న పోట్లాడుకుంటారు, సాయంత్రం కలిసి సీరియల్ చూస్తారు. మా అమ్మకి కోపం వచ్చుంటే ఈపాటికి తెలిసేది."

ఆవిడ రవిక లోపలి జేబులోంచి చేతిరుమాలు తీసింది. మడతలు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పరిచింది.

"ఇరవై తొమ్మిదేళ్లు మీ నాన్న నోరు విప్పలేదు. నేను విప్పను. నిన్న నేను పెట్టెలో చూసింది కేకులు. తీసుకుని తలలో పెట్టుకో. ఇంకా పదకొండు రోజులుంది నీకు."

రుమాలు మధ్యలో తెల్ల ఊలు పువ్వు. ఒక రేకు మీద పెసర పూర్ణం ఎండిపోయి ఉంది. చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దానికి పిన్నీసు లేదు. నల్ల హెయిర్‌పిన్ను ఉంది. పిన్ను వంకరలో పొడుగాటి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. సగం తెలుపు, సగం నలుపు.

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ నా వైపు చూడలేదు. రెండు చేతులూ ఎత్తి ఊలు టోపీ తీసి గల్లా మీద పెట్టింది. తలలో పువ్వు లేదు.

జలుబు అంది. రెండు రోజులు నేను అమ్మకి అల్లం నీళ్లు కాచి ఇచ్చాను. అమ్మ తాగింది. నా టోపీ కింద ఏం లేదో అమ్మకి తెలియకూడదని నేను, తన టోపీ కింద ఏం లేదో నాకు తెలియకూడదని అమ్మ, ఒకే వంటింట్లో ఒకరి పక్కన ఒకరం తిరిగాం.

"నువ్వు నిద్రపోయావు," అంది అమ్మ చివరికి. "లేపుదామని వచ్చాను. ట్రేలు చూశాను. ముద్ర పక్కకి పోతోంది నీకు. ఆయన కొట్టినట్టు లేదు."

"కిట్ బాబాయ్ అనుకున్నాను."

"నా చేతులకి దారం ముడి వేసే ఓపికెక్కడిది," అన్నాడు బాబాయ్ లోపలి నుంచి. తర్వాత నెమ్మదిగా, "వదిన చెప్పొద్దంది," అన్నాడు.

అమ్మ ఇంకా గల్లా దగ్గరే నిలబడి ఉంది. కొత్తగా విధవరాలైన మనిషి పెళ్లి కేకు ముట్టడమంటే నేను చేసినదానికంటే పదింతలు. అది అమ్మకి నాకంటే బాగా తెలుసు. ఆర్డరు వద్దని చెప్పమంది కూడా తనే.

"ఒకళ్లు ఎలాగూ ముట్టారు," అంది. "మైలలో ఒకళ్లు ముట్టినా ఇద్దరు ముట్టినా ఒకటే అనుకున్నాను. పువ్వు తీసి బల్ల మీద పెట్టాను. పని అయ్యాక చూస్తే లేదు. ఆయన మాటిచ్చాడని నాకు మాత్రం తెలియదా?"

టామ్ మామ్మ తెచ్చిన పెట్టె మూత తీసి చూశాను. ఆరు కేకులు. ఆరింటి మీదా ముద్ర సూటిగా నిలబడి ఉంది. అమ్మ ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ముప్పై మూడేళ్లు గల్లా దగ్గరే నిలబడింది, వంటింట్లో నాన్న ముద్ర కొడుతుంటే. చూసి నేర్చుకుని ఉంటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

టామ్ మామ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ బుర్ర మా కంటే ముందు నడుస్తోంది.

"ఇది నీది," అంది అమ్మతో. నా వైపు తిరిగింది. "అయితే నీదెక్కడ?"

నేను ఖాళీ ఏప్రన్ జేబు మళ్లీ తడిమాను.

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఈ పెట్టె పోగా ముప్పై తొమ్మిది. పది పెట్టెలు నిన్న వీధిలోవాళ్లకి పంచారు. వాళ్లంతా తిని ఫోన్లు చేసి బాగున్నాయన్నారు. పువ్వు దొరికినవాళ్లు బాగున్నాయనరు కదా, కాబట్టి ఆ పదిట్లో లేదు. పదిహేడు ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి ఒక్కొక్కటీ విప్పి చూస్తానంది. విప్పిన ముళ్లు మళ్లీ ఎవరు వేస్తారు అంటే, అమ్మ నేనొచ్చి వేస్తానంది. అనేశాక, రాకూడదని గుర్తొచ్చి ఆగింది. ఇప్పుడదేం చూస్తాంలే అన్నట్టు టామ్ మామ్మ చెయ్యి ఊపింది.

"ఇంకా పన్నెండు," అన్నాను.

పన్నెండు పెట్టెలు ఆనవాయితీ ప్రకారం తిరుగు సారెగా పెళ్లికొడుకు వాళ్లింటికి వెళ్లాయి. నిన్న సాయంత్రమే. వాళ్లు సముద్రం వైపు ఉంటారు, చైనాటౌన్ మనుషులు కారు. మా ఊరేగింపు చూడలేదు, మా కొట్టు ఎరగరు. పెళ్లికొడుకు తల్లి ఫాంగ్ గారు పట్టింపులున్న మనిషి, తేదీలు మూడుసార్లు మార్పించింది అని టామ్ మామ్మ ముందే చెప్పి ఉంది. పెట్టెలు ఎప్పుడు తెరుస్తారని అడిగాను.

"మంచి గడియ చూసుకుని, వాళ్ల పెద్దల ముందు," అంది. "ఇవాళ పదకొండింటికి."

ముగ్గురం ఓవెన్ పైనున్న గడియారం చూశాం. పదకొండూ పది.

అమ్మ వచ్చి రుమాల్లోంచి తన పువ్వు తీసుకుంది. పూర్ణం అంటిన రేకుని గోటితో గీకి శుభ్రం చేసింది. తన తలలో పెట్టుకుంటుందనుకున్నాను. నా దగ్గరికి వచ్చి నా జుట్టులో గుచ్చింది. నిలవలేదు, జారింది. మళ్లీ గుచ్చి, వేలితో నొక్కిపెట్టి పట్టుకుని నిలబడింది. అమ్మ చెయ్యి వెచ్చగా ఉంది. అది నాకు తెలిసింది.

గోడకున్న ఫోన్ మోగింది.

కిట్ బాబాయ్ తీశాడు. లోక్ చున్ బేకరీ అన్నాడు, ఎప్పుడూ అనే గొంతుతోనే. విన్నాడు. పిండి చేత్తో రిసీవర్ మూసి నా వైపు చాచాడు.

"ఫాంగ్ గారట. పెట్టె మీద నంబరు చూసి చేస్తోంది. కేకులు చేసిన అమ్మాయి కావాలంటోంది."

టామ్ మామ్మ నాకివ్వు అన్నట్టు చెయ్యి చాపింది. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ వేలు నా తల మీద నుంచి తియ్యలేదు, నాతోపాటే నడిచింది. రిసీవర్ చల్లగా ఉంది. అవతల ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏం చెప్పాలో అప్పటికే తయారుగా పెట్టుకున్నాను.

"తెల్ల పువ్వు. పిన్నీసు పెట్టింది," అంది. "పోయింది అమ్మా, నాన్నా?"

ముప్పై ఎనిమిది రోజుల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేను నోరు తెరిచాను.